సంతలో చాటిన వయసు

హుసేన్ వలికి రెండు వయసులు. ఒకటి వాళ్లమ్మ ఇచ్చింది, రెండోది బ్యాంకు ఇచ్చింది. అమ్మ ఇచ్చినదానితో నలభై ఐదేళ్లు బతికి, మిగతా జీవితమంతా బ్యాంకు ఇచ్చినదానితోనే వెళ్లదీశాడు. నాకు బుద్ధి తెలిసేనాటికి ఆయన ఎనభై ఏళ్ల ముసలాయన. ఆ ఎనభై ఏళ్ల మనిషి పరుపు మూట ఒక్కడే భుజానికెత్తుకుని పత్తికొండ సంత వీధిలో చరచరా నడిచిపోతుంటే పొరుగూరివాళ్లు నోరు తెరిచి చూసేవాళ్లు. మేం మాత్రం నవ్వుకునేవాళ్లం.

నాకీ కథ చెప్పింది మా అవ్వ గిడ్డమ్మ. సంతలో ఎండుమిరపకాయలు అమ్మేది. ఆమె నోరూ ఆ సరుకుకు తగ్గట్టే ఉండేది కాబట్టి కొన్ని మాటలు నేను తగ్గించి రాస్తున్నాను.

హుసేన్ వలి దూదేకుల మనిషి. దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగి, గట్టిపడిపోయిన పరుపులు విప్పి, దూది ఏకి, మళ్లీ కుట్టి ఇచ్చేవాడు. భార్య చిన్నవయసులోనే పోయింది. పిల్లలు లేరు. సంపాదించిన దుడ్లు దాచుకోవడానికి ఆయనకు తెలిసిన చోటు ఒకటే, దూది. తన దిండులోనే కుట్టి పెట్టుకునేవాడు. ఒకసారి పని తొందరలో దిండ్లు మారిపోయి, ఆ మూట కాస్తా కరణంగారింటి దిండులోకి వెళ్లిపోయింది. కరణంగారిని దొంగ అనలేడు, నా దుడ్లు మీ తల కింద ఉన్నాయి అనీ చెప్పలేడు. “అయ్యా, ఆ దిండు నాకే నచ్చలేదు, కూలి వద్దు, మల్లా ఏకి ఇస్తా” అని నాలుగు సంతల పాటు వాళ్ల గడప దగ్గర బతిమాలి తెచ్చుకున్నాడు. ఆ భయంతోనే ఆయన బ్యాంకు మెట్లెక్కాడు.

దుడ్లు అంత జాగ్రత్తగా దాచడానికి ఒక కారణం ఉంది. ఆ కారణం పేరు షంషాద్ బీ. సంతలో మా అవ్వ పక్కనే గాజులు అమ్మేది. ఆమె కూడా మొగుడు పోయిన మనిషే. పొద్దుటినుంచి చీకటిపడేదాకా గట్టి నేల మీద కూర్చుని ఆడవాళ్ల చేతులకు గాజులు తొడిగేది. అది చూసి హుసేన్ వలి ఒకనాడు కూర్చునే దిండు ఒకటి కుట్టి తెచ్చిచ్చాడు. తర్వాత సంతకు వచ్చి, దూది గట్టిపడిందంటూ దాన్ని తీసుకుపోయి ఏకి తెచ్చాడు. ఆ తర్వాత సంతకూ గట్టిపడిందన్నాడు. లోకంలో ఏ దూదీ అంత తొందరగా గట్టిపడదు. సంతంతా ఈ సంగతి గమనించాక మా అవ్వ ఇంక ఊరుకోలేక మధ్యలో దిగింది.

“ఏమప్పా హుసేనూ, దిండు మోసింది చాలు గానీ నీ వయసు చెప్పు” అంది.

“ఖర కరువులో పుట్టినాక్కా. నలభై ఐదు.”

“నీ వయసెంతమ్మా షంషాదూ?”

“నలభై ఉండొచ్చులే అక్కా” అంది ఆమె గాజులు సర్దుకుంటూ.

ఇద్దరికీ ఇష్టమే. పీర్ల పండుగ దాటాక నిఖా పెట్టుకుందామనుకున్నారు. మద్రాసులో కాంగ్రెసు మంత్రులు గద్దెనెక్కిన ఏడాది అది.

అదే ఏడాది మా ఊళ్లో జనోపకార బ్యాంకు అని ఒకటి పెట్టారు. దాని ప్రెసిడెంటు శనక్కాయల మిల్లు హనుమన్న. సెక్రటరీ దావీదురాజు గుంటూరు వైపునుంచి వచ్చినాయన. మిషన్ కాలేజీలో చదివాడు, మెల్లగా మాట్లాడేవాడు, చొక్కా మీద సిరా మరక ఉండేది కాదు. మంచివాడే. మంచివాళ్ల వల్ల వచ్చే తిప్పలు వేరుగా ఉంటాయి, అంతే.

హుసేన్ వలి డిపాజిట్ కట్టడానికి పోతే దావీదురాజు కుర్చీ చూపించాడు. ఈయన కింద కూర్చున్నాడు. పేరు, తండ్రి పేరు, వృత్తి రాసుకున్నాక వయసెంత అని అడిగాడు.

“కరువులో పుట్టినా సామీ. మా యమ్మ గంజి తొట్టి కాడ వరసలో నిలబడి ఉండి, ఆడనే నన్ను కనింది.”

మా సీమలో పుట్టిన ఏడాది ఎవరికీ గుర్తుండదు, కరువు మాత్రం గుర్తుంటుంది. కరువులో పుట్టినా అంటే, విన్నవాడు ఎదుటివాడి మొహం ఒకసారి చూస్తాడు. ముడతలు పడి ఉంటే ధాత కరువు, గడ్డం సగం నెరిసి ఉంటే ఖర కరువు. అడగాల్సిన పనే లేదు. దేవుడు మాకు కరువులకు తక్కువ చేయలేదు కాబట్టి ఏ ఈడువాడికి ఆ కరువు సిద్ధంగా ఉండేది. పాపం, దావీదురాజుది కాలువల కింద పండే ఊరు. చదువుకున్న పుస్తకంలో రాయలసీమకు ఒక్కటే కరువు ఉంది, ధాత కరువు. గంజి తొట్లు అనగానే అదేననుకున్నాడు. తలెత్తి మొహం చూడకుండా, వేళ్ల మీద లెక్కపెట్టుకుని అరవై అని రాసేశాడు.

“గుర్తులేమన్నా ఉన్నాయా?”

“ఎడమ చెవి ఎనక పులిపిరి ఉండాది సామీ. సామీ, ఇంకో మాట. నాకు వడ్డీ వద్దు. మా మతంలో కూడదు.”

వడ్డీ వద్దనే మనిషిని దావీదురాజు అంతవరకు చూడలేదు. చేతులు జోడించినంత పని చేశాడు. “నువ్వు ఇక్కడ చెప్పిన మాట ఈ నాలుగు గోడలు దాటిపోదు” అని మాట కూడా ఇచ్చాడు. బ్యాంకుకు ఉన్నవి మూడు గోడలే. నాలుగోవైపు గోనెపట్టా వేలాడదీసి ఉండేది. హుసేన్ వలి ఆ సంగతి అప్పుడు ఆలోచించలేదు.

ఎన్నాళ్లయినా బ్యాంకుకు జనం రాలేదు. హనుమన్న సెక్రటరీ మీద గట్టిగా అరిచాడు. దావీదురాజుకు ఒక ఉపాయం తోచింది. సంతలో చాటింపు వేయిస్తే, అందులోనూ ఒక మంచి మనిషి పేరు చెప్పి చాటిస్తే జనం కదులుతారనుకున్నాడు. ఆ మంచి మనిషి ఎవరో వేరే చెప్పక్కర్లేదు. ఆయన్ను ఒక్క మాట అడుగుదామని మాత్రం తోచలేదు. గౌరవిస్తున్నాం కదా, అడగడమెందుకు అనుకున్నాడు.

తప్పెట బొజ్జన్నకు కాగితం చదివి వినిపించి పంపారు. నిండు సంతలో, గాజుల వరసకు ఎదురుగా బొజ్జన్న తప్పెట కొట్టి అందుకున్నాడు.

“వినండహో. దూదేకుల హుసేన్ వలి, ధాత కరువులో పుట్టిన మనిషి, అరవై ఏండ్ల ముసలాయప్ప, ఎడమ చెవి ఎనక పులిపిరి ఉండే ఆయప్ప, కాటికి కాళ్లు చాపుకున్న వయసులో కూడా జనోపకార బ్యాంకులో దుడ్లు కట్టినాడహో. వడ్డీ కూడా వద్దన్నాడహో. వయసులో ఉండే మీకేమొచ్చిందహో.”

హుసేన్ వలి సరిగ్గా అప్పుడు ఏకి తెచ్చిన దిండు చేత్తో పట్టుకుని షంషాద్ బీ ముందు నిలబడి ఉన్నాడు. సంతంతా తిరిగి ఆయన చెవి వెనక్కి చూసింది. షంషాద్ బీ తలెత్తి ఆయన్ను కిందినుంచి పైదాకా చూసింది. దిండు అందుకుంది. అందుకుని పక్కన పెట్టి, వట్టి నేల మీదే కూర్చుంది.

“ఏం బొజ్జన్నా, నన్ను రోజూ చూస్తాండావు గదప్పా, నాకు అరవై అని ఎట్ల చాటినావు?” అని హుసేన్ వలి నిలదీశాడు.

“చెప్పమన్నది చెప్పేదే నా పనప్పా. ఆలోచన చేసేదానికి నాకు కూలి ఇయ్యల్యా” అన్నాడు బొజ్జన్న.

ఆ సంతా, ఆ పై సంతా షంషాద్ బీ నోరు విప్పలేదు. దిండు మా అవ్వ మిరపకాయల బస్తా మీద పడి ఉండేది. హుసేన్ వలికి అన్నం సహించలేదు. ఆయనకు పోయింది వట్టి పరువు కాదు. ముందు ఉన్న బతుకంతా ఎవరి పక్కన గడుపుదామనుకున్నాడో ఆ మనిషే దూరమైపోతోంది. బాధ ముదిరి కోపమైంది. బ్యాంకుకు పోయాడు.

“నా నోటి మాట నన్ను అడగకుండా సంతలో పెట్టినారు. నాకు పదిహేనేండ్లు ఎక్కువ కట్టినారు. నా పెండ్లి పోయింది. బ్యాంకే దీనికి బదులు చెప్పాల” అన్నాడు.

హనుమన్న నవ్వాడు. “బ్యాంకులో దుడ్లు దొరుకుతాయి గానీ పెండ్లాలు దొరుకుతారా హుసేనూ? సరేలే, నష్టపోయినానంటాండావు. నీకు ఊరందరికంటే అర్ధరూపాయి వడ్డీ ఎక్కువ కట్టిస్తా.”

“నాకు వడ్డీ వద్దని మొదటి దినమే చెప్పినా.”

“మరి బ్యాంకు కాడ వడ్డీ కాక ఇంకేముండాదప్పా?” అన్నాడు హనుమన్న, నిజంగానే తెలియక.

ఆ కాలంలో ఎక్కడ చూసినా సత్యాగ్రహాలు జరుగుతుండేవి. హుసేన్ వలి కూడా చేశాడు. మరుసటి పొద్దున విల్లు తెచ్చి బ్యాంకు వసారాలో కూర్చుని దూది ఏకడం మొదలుపెట్టాడు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. టంగు టంగుమని విల్లు మోగుతూనే ఉంది. దూది పోగులు లేచి గోనెపట్టా సందులోంచి లోపలికి పోయి దావీదురాజు సిరాబుడ్డిలో, మజ్జిగ చెంబులో, మీసాల్లో పడ్డాయి. ఆయన తుమ్మడం మొదలుపెట్టి ఆపలేకపోయాడు. అప్పటిదాకా వచ్చే ఆ నలుగురు కూడా రావడం మానేశారు. హనుమన్న వచ్చి బెదిరిస్తే, “వసారా వీధిలో ఉండాది సామీ, గోడ ఉంటే మీ లోపలికి దూది వస్తాండెనా” అన్నాడు హుసేన్ వలి.

కొన్నాళ్లకు దావీదురాజే లొంగాడు. తప్పు తనదేనని ఆయనకు తెలుసు. “సవరణ చాటిస్తాను. కానీ అరవై కాదనడానికి ఆధారం కావాలి” అన్నాడు ముక్కు తుడుచుకుంటూ.

“ఆధారం ఆయప్ప మొకమే. చూసి రాసుకోండి” అంది సాక్ష్యానికి వచ్చిన మా అవ్వ.

మొహం చూసి రాయడం దావీదురాజుకు చేతకాలేదు. చివరికి హనుమన్న లేచాడు. ఆయన మిల్లు పెట్టకముందు ఎద్దుల బేరగాడు. “నోరు తెరువు” అని హుసేన్ వలి గడ్డం పట్టుకుని, దవడలు అటూ ఇటూ తిప్పి, పళ్లన్నీ చూశాడు. చూసి, “అరవై లేదు సెక్రటరీగారూ. ఇంకా శానా ఏండ్లు దున్నతాడు” అని తీర్పు చెప్పాడు.

ఈసారి చాటింపుకు దావీదురాజు స్వయంగా బొజ్జన్న వెనక నడిచి వచ్చాడు, మాట తేడా పోకుండా చూసుకోవడానికి. హుసేన్ వలి పొరుగూరి పెళ్లికి కుట్టించుకున్న కోటు వేసుకుని, గడ్డం దువ్వుకుని గాజుల వరస ఎదుట నిలబడ్డాడు.

“వినండహో. హుసేన్ వలి పుట్టింది ధాత కరువులో కాదహో. ఖర కరువులో అహో. ఆయప్పకు నలభై ఐదేండ్లేనహో. ప్రెసిడెంటుగారు పండ్లు చూసినారహో. తప్పు రాసింది బ్యాంకు వారేనహో.”

జనం చప్పట్లు కొట్టారు. హుసేన్ వలి షంషాద్ బీ వైపు చూశాడు. ఆమె మొహం పాలిపోయి ఉంది. చేతిలో గాజులు గంపలో పెట్టి, బట్ట కప్పి, బేరం మధ్యలోనే లేచి ఇంటికి వెళ్లిపోయింది. ఆయనకు కోటులో చెమట పట్టేసింది.

మా అవ్వ అంగడి వదిలిపెట్టి ఆమె వెనకే పోయింది. “నీకేం పుట్టిందమ్మా? అరవై అంటే అలిగితివి. నలభై ఐదు అంటే ఏడుస్తాండావు. ఆ మొగోడు యాడికి పోయి సావాల?” అని అడిగేసింది.

షంషాద్ బీ చాలాసేపు ముక్కు చీదుకుంది. తర్వాత చెప్పింది.

“అరవై అని నేను అలగల్యాక్కా. ఆ మాట విన్నప్పుడు నాకు పానం లేచొచ్చింది. ఆయప్పా వయసు దాచినాడు, నేనూ దాచినా, సరిపాయ అనుకున్నా. వచ్చి నాకు నిజం చెప్తాడు, నేనూ నా నిజం చెప్పేస్తా అని, అంతదాకా ఆ దిండు మీద కూచోకూడదని సంత సంతకూ కాచుకుని కూచున్నా. ఆయప్ప బ్యాంకుకు పాయ. ఇప్పుడు చూస్తే ఆయప్ప దాచిందేమీ ల్యా. దాచింది నేనొక్కదాన్నే.”

“నీకెంతమ్మా?”

“లెక్క నాకేం తెలుసు. ఖర కరువులో గంజి తొట్టి కాడికి మా తమ్మున్ని సంకనేసుకుని, చెంబు పట్టుకుని పోతాంటి. ఆయప్ప తల్లి ఆ వరసలో కనిందంట గదా. పుట్టినప్పుడు నేను చూసే ఉంటానేమో అక్కా. అట్లాంటోన్ని నేనెట్ల చేసుకునేది? సంతంతా ఆయప్ప వయసు చాటినారు. నిఖా కాడ నా వయసు అడిగితే ఆయప్ప తల యాడ పెట్టుకుంటాడు?”

ఆ మాటలు చెప్పేటప్పుడు మా అవ్వ కూడా కళ్లు తుడుచుకునేది. మిరపకాయల ఘాటు అనేది గానీ, చాలాసార్లు అప్పుడు చేతిలో మిరపకాయలు ఉండేవి కావు.

విన్నదంతా ఆమె హుసేన్ వలికి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన చాలాసేపు విల్లు నారి సవరించుకుంటూ కూర్చున్నాడు. తర్వాత అదే విల్లు తీసుకుని లేచి బ్యాంకుకు నడిచాడు. గోనెపట్టా పక్కకు జరిగి విల్లు లోపలికి రావడం చూసి దావీదురాజు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

“ఇంకేం కావాలయ్యా నీకు?”

“వడ్డీ కాక బ్యాంకు కాడ ఇంకేముండాది అని అడిగితిరి గదా సామీ. ఇప్పుడు తెలిసింది. నాకు మల్లా అరవై రాయండి.”

“అది అబద్ధం కదా.”

“మొదట రాసినప్పుడు మీకు అడ్డం రాల్యా గదా సామీ.”

“నలభై ఐదు అని నిన్నగాక మొన్న నేనే దగ్గరుండి చాటించాను. ఇప్పుడు మళ్లీ అరవై అంటే బ్యాంకు పరువేం కావాలి? పోనీ, ఎందుకు మార్చమంటున్నావో చెప్పు.”

హుసేన్ వలి గోనెపట్టా వైపు ఒకసారి చూశాడు.

“ఈడ చెప్పిన మాట సంతకు పోతాది సామీ. చెప్పను” అన్నాడు.

దావీదురాజు మొహం ఎర్రబడింది. ఆ మాట ఆయనకు తగిలింది. కలం తీసి కొట్టివేసినదాన్ని మళ్లీ రాసి, బొజ్జన్నను పిలిపించాడు. ఆ తర్వాత ఆయన ఉన్నంతకాలం బ్యాంకు ఎవరి పేరునూ చాటించలేదు. ముందు ఆ నాలుగో గోడ కట్టించమని హనుమన్నతో పోట్లాడి కట్టించాడు కూడా.

మూడోసారి తప్పెట మోగేసరికి జనం బేరాలు ఆపి వినడానికి చేరారు. “వినండహో. బ్యాంకు వారు మల్లా ఇచారించగా మొదటి లెక్కే సరి అని తేలిందహో. హుసేన్ వలి ధాత కరువు మనిషేనహో. అరవై ఏండ్లేనహో. ఇంగ మారదహో.” చివరి మాట బొజ్జన్న సొంతం. తిరిగీ తిరిగీ ఆయన కాళ్లు నొప్పెట్టాయి.

ఎవరో, “పండ్లు చూసి చెప్పినారు గదప్పా” అన్నారు. “పండ్లు గట్టివి, మనిషి ముసలోడు” అన్నాడు హుసేన్ వలి. అని, అలవాటు లేని వంగుడు ఒకటి వంగి, నడుం పట్టుకుని గాజుల వరస ముందునుంచి నడిచాడు. ఎక్కువ వంగాడు. సంతంతా నవ్వింది.

షంషాద్ బీ నవ్వలేదు. కళ్ల నిండా నీళ్లు పెట్టుకుని ఆ వంగిన మనిషినే చూస్తూ, “గిడ్డమ్మక్కా, నా దిండు యాడుండాది?” అంది. మా అవ్వ మిరపకాయల బస్తా మీదినుంచి తీసి, దుమ్ము దులిపి ఇచ్చింది. ఆమె దాన్ని కింద వేసుకుని కూర్చుంది. ఆ రోజు ఆమె తుమ్ముతూనే గాజులు తొడిగింది.

పీర్ల పండుగ దాటాక నిఖా అయింది. అరవై ఏళ్లకు పెళ్లేమిటని ఊరు కొన్నాళ్లు ఎగతాళి చేసింది. ఆయన పడ్డాడు. తనకంటే పెద్దవాళ్లు తాతా అని పిలిచినా పలికాడు. రైలు స్టేషన్‌లో కుర్రవాళ్లు లేచి చోటిస్తే సిగ్గుపడుతూనే కూర్చున్నాడు. దావీదురాజు గుంటూరు వైపు తిరిగి వెళ్లిపోయాడు, స్వరాజ్యం రాకముందే బ్యాంకూ మూతపడింది. డిపాజిట్ దుడ్లు తిరిగొచ్చాయి. వయసు మాత్రం తిరిగి ఇవ్వాల్సిన పని లేదన్నాడు హుసేన్ వలి.

షంషాద్ బీ ముందు పోయింది. అప్పటికి నేను మా అవ్వ పక్కన మిరపకాయల దగ్గర కూర్చునేవాణ్ణి. దినాలు గడిచాక మా అవ్వ ఆయన్ను పలకరించడానికి పోతే నేనూ పోయాను. ఆ దిండు ముందు వేసుకుని కూర్చుని ఉన్నాడు, విప్పకుండా, ఏకకుండా.

“హుసేనూ, ఇంగ ఎవరి కోసమప్పా ఈ ముసలితనం? నిజం వయసు చెప్పుకుని కాస్త నిటారుగా తిరుగు. ఆ బ్యాంకే ల్యా ఇప్పుడు, అడిగేదెవరు?” అంది మా అవ్వ.

ఆయన దిండు నిమిరాడు.

“వద్దులే అక్కా. నేను ఇప్పుడు తగ్గించుకుంటే, ఆయమ్మ పెద్దదైపోతాది” అన్నాడు.